గడప లేని తలుపు

ఆమె తలుపును చేత్తో తీయగా నేను చూడలేదు. నడుముతో తీసేది. చంకలో పిల్లో, నెత్తిన తట్టో, చేతుల్లో చెంబులో ఎప్పుడూ ఉండేవి. వీధి తలుపైనా దొడ్డి తలుపైనా పక్కకు తిరిగి నడుముతో ఒక్క పోటు పొడిచేది. రెక్క పోయి గోడకు కొట్టుకునేది. "చేతులుండేది తలుపులు తీసుకోనీకా?" అనేది. చేతులు ఖాళీగా ఉన్నప్పుడు కూడా అలాగే తీసేది.

ఆమె నా తోడికోడలు, మా బావగారి భార్య. అక్కా అని పిలిచేదాన్ని. పోయిన కార్తీకంలో జ్వరం తగిలి, మంచం పట్టిన వారంలోపే వెళ్ళిపోయింది. పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు రాయాలని కూర్చుంటే ముందుగా నాలో ఆమె మీద ఉన్న కుళ్ళే గుర్తుకొస్తుంది. దాన్ని పక్కకు నెట్టి రాస్తే ఆమె రూపు కుదరడం లేదు. అందుకని దాన్ని కూడా కలిపే రాస్తున్నాను. నా పిల్లవాడు నిద్రపోయాడు. మధ్యమధ్య లేచి వాడి నుదురు తాకి వస్తున్నాను.

మా నాయన గుమాస్తా ఉద్యోగం వల్ల నేను కర్నూలులో పెరిగాను, అక్కడే కాలేజీలో ఇంటరు చదివాను. ఆమె యర్రగొండపాలెం అవతల అడవి అంచున, గొర్రెల మందల మధ్య పెరిగింది. నా పెళ్ళయిన సంవత్సరమే రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారింది. మార్కాపురం కాపురానికి వచ్చిన రోజు ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మీ ఊర్నించి రాజధాని అట్ల పాయె, నువ్విట్ల వస్తివి. ఎవురికి లాభమో చూడాల" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు గొల్లుమన్నారు. ఆమె మాత్రం కొంగు పళ్ళ మధ్య కరుచుకుని, శబ్దం లేకుండా, భుజాలు ఎగరేస్తూ నవ్వింది. ఆ నవ్వు అంటే నాకు ఆ రోజు నుంచే పడలేదు. ఎంత ప్రయత్నించినా నాకు అలా నవ్వడం రాదు.

మా అత్తగారు పోయాక పలకరాతి గని పంపకం దగ్గర అన్నదమ్ములకు మాట మాట పెరిగింది. పెద్దమనుషుల ఎదుట బావగారు, "ఇంగ నీ గడప తొక్కితే ఒట్టు" అన్నాడు. మా ఆయన, "నీ గడప నేనూ తొక్కను" అన్నాడు. అంతే, ఉమ్మడి ఇంటి నడవకు అడ్డంగా గోడ లేచింది. గనిలో పలకకు పనికిరాక పారేసిన రాతి ముక్కలు తెచ్చి మట్టితో పేర్చి కట్టారు. గోడ పోయే దారిలో ఒక పాత వాకిలి ఉంటే, దాన్ని పలచగా మూసేసి, మా వైపు అరలు పెట్టి అల్మారా చేశారు.

గోడ లేచాక నాకు కొడుకు పుట్టాడు. ఆమెకు అప్పటికే నాలుగో కాన్పు, చంకలో ఆడపిల్ల. నాకు పాలు పడలేదు. పుస్తకంలో రాసినట్టు సీసాను మరగబెట్టి పాలపిండి కలిపి పట్టాను. కక్కాడు. మేకపాలు నీళ్ళు కలిపి పట్టాను. కక్కాడు. రైలెక్కి గిద్దలూరులో డాక్టరుకు చూపిస్తే, మందు రాసిచ్చి, "తల్లిపాలను మించిన మందు లేదమ్మా" అన్నాడు. తిరుగు రైల్లో వాడు ఏడవడానికి కూడా ఓపిక లేక నోరు మాత్రం తెరిచాడు. ఆ తెరిచిన నోరు ఇప్పటికీ నా కలల్లోకి వస్తుంది.

మర్నాడు వీధి చివర బావి దగ్గర ఆమె నా పక్కన చేరింది. మగవాళ్ళు పంతం పట్టుకున్నాక మేము బావి దగ్గర కూడా పెదవులు కదలకుండా మాట్లాడుకునేవాళ్ళం.

"ఏమ్మే కాలేజమ్మా, నీ కొడుకు ఏడ్చినప్పుడల్లా నా రయిక తడుస్తాంది. నేనెన్ని రయికలని ఉతుక్కోవాల?"

నేను బిందెలోకి నీళ్ళు వంచాను.

"వాణ్ని నా పక్కకియ్యి."

"ఆయన ఒప్పుకోరక్కా. బావకు తెలిస్తే ఇంకో గొడవ."

"నీ మొగుడు నా గడప తొక్కనన్నాడు. ఆయన కొడుకు తొక్కడనలేదు గదా."

"వీధిలోంచి ఎట్ల తెచ్చేది? రోజూ అందరూ చూస్తానే ఉంటారు."

ఆమె బొక్కెన లాగడం ఆపి ఆలోచించింది. తర్వాత కొంగు పళ్ళ మధ్యకు పోయింది. భుజాలు ఎగిరాయి. "గడపే లేకుండా చేస్తా పో. అప్పుడింగ తొక్కేదేముంది?"

మగవాళ్ళు గనికి పోయాక గోడ మీద టక్ టక్ మని శబ్దం మొదలైంది. బజారులో కుండ కొనేటప్పుడు తట్టినట్టు, ఆమె అవతల నుంచి వేలి కణుపుతో గోడంతా తట్టుకుంటూ వస్తోంది. అల్మారా కింది అర దగ్గర బోలుగా మోగింది. కాసేపటికి అక్కడి మట్టి రాలింది. ఒక పలకరాయి ఊడింది. ఆ సందులోంచి ఆమె కన్ను కనపడింది, తర్వాత దుమ్ము పట్టిన ముక్కు.

"నా నడుము పడుతాదంటావా?"

"పట్టదక్కా."

"నాకు మల్లె మాట్లాడనీక నేర్చుకుంటాండావే" అని ఇంకో నాలుగు రాళ్ళు పీకింది.

మా అత్తగారి పాత భోషాణం మూత ఆమె వాటాకు పోయింది. ఆ చెక్కనే తలుపు చేసింది, భోషాణం కీలునే దీనికి బిగించింది. సుత్తి దెబ్బలు వీధిలోకి వినపడకుండా పెద్దకూతురిని రోటి దగ్గర కూర్చోబెట్టి మిరపకాయలు దంచించింది. ఆ పూట మా వీధి మొత్తం తుమ్మింది. తన వైపు చెక్కకు మట్టి మెత్తింది. ఆ మట్టిలో గడ్డితోబాటు మేక వెంట్రుకలు కలిపింది. "ఉత్త మట్టయితే తలుపు ఆడినప్పుడు పగుల్తాది. ఎంటిక పట్టుకుంటాది" అంది. నా వైపు సున్నం నేను పూశాను. ఆ తలుపులో నా పని అంతే. తలుపు మూస్తే అటు గోడ, ఇటు అల్మారా వెనకభాగం. అడ్డంగా నేనొక చాట ఆనించేదాన్ని.

"చూడు, గడప పెట్టలే" అంది చేతులు దులుపుకుంటూ. "ఎవురి ఒట్టూ పోలేదు."

ఆ తలుపు నడుమెత్తు కూడా లేదు. వంగి దూరాలి. ఆమె అందులోంచి కూడా తన పద్ధతిలోనే వచ్చేది. వెనక్కి తిరిగి ఒక పోటు పొడిచేది. చాట ఎగిరిపోయేది. ముందు నడుము వచ్చేది, తర్వాత నవ్వు, చివరికి మనిషి. వచ్చి నేల మీద చతికిలబడి, "ఏడిరా నా అప్పులోడు" అని చేతులు చాపేది.

మొదటిరోజు వాడు తాగుతుంటే గుటక గుటకా వినపడింది. నేను తలుపు దగ్గర నిలబడి ఆ శబ్దం వింటూ ఏడ్చాను. బతుకుతాడు, అనుకున్నాను. ఆ వెంటనే, నా దగ్గర కాదు, అనుకున్నాను. ఏ ఆలోచనకు ఏడ్చానో నాకే తెలియదు. ఆమె ఒక రొమ్ము వాడికి, ఒకటి తన కూతురికి ఇచ్చి, ఖాళీగా ఉన్న చేత్తో నా ముందున్న చింతపండులో పిక్కలు తీసిపెట్టింది.

వారాలు గడిచేకొద్దీ వాడికి బుగ్గలు వచ్చాయి. మోచేతుల్లో మడతలు పడ్డాయి. నేను వాటిని లెక్కపెట్టుకుని సంతోషించాలి. కాని ఒళ్ళోకి తీసుకుంటే వాడి నుంచి వెల్లుల్లి వాసన, ఆముదం వాసన, మేకల వాసన వచ్చేది. ఆమె వాసన. స్నానం చేయించి పౌడరు పూసేదాన్ని, మళ్ళీ అటు పోయి అదే వాసనతో వచ్చేవాడు. ఆమె పిల్లల్ని జోకొట్టేది కూడా మేకను తట్టినట్టే, అరచెయ్యి పరిచి వీపు మీద డబ్ డబ్ మని. వాడు రెండు దెబ్బలకే నిద్రపోయేవాడు. నేను అంతే బలంగా, అలాగే కొట్టి చూశాను. కళ్ళు తెరిచి నన్ను కొత్తగా చూశాడు.

ఒకరోజు తలుపు సందులోంచి చెయ్యి పెట్టి, "నీ పాత చీర ముక్కొకటియ్యి. ఉతికింది కాదు, కట్టి ఇడిచింది" అంది. ఇంట్లో తుడుచుకోవడానికి గుడ్డలు కూడా నావే కావాలా అనుకున్నాను. నీలం చీర కొంగు చింపి ఇచ్చాను. చింపడంలో అవసరానికి మించిన బలమే వాడాను.

ఎవరికీ తెలియకుండా చాలా నెలలు నడిచింది. బావగారు ఇంట్లో ఉండేది తిండికీ నిద్రకూ మాత్రమే. ఆమె పిల్లలకు చెప్పిన మాట ఒక్కటే: "మీ నాయనకు చెప్తే తమ్ముడు చచ్చిపోతాడు." పిల్లలు నోరు విప్పలేదు. బయటపెట్టింది ఆమే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మా ఆయన అనుకోకుండా ఇంటికి వచ్చి, గోతాలు కుట్టే దబ్బనం కోసం అల్మారా వెతికాడు. పిల్లవాడు అవతల ఉన్నాడు.

"పిల్లోడేడీ?"

"నిద్రపోతున్నాడు."

ఆయన కింది అర ముందు కూర్చుని చాట పక్కకు జరిపాడు.

"ఇదేంది? అల్మారాకు గడప ఎప్పుడొచ్చింది?"

వంగి చూశాను. చెక్క కింద, నేల అంచు పొడవునా చక్కగా పసుపు పూసి ఉంది. దాని మీద వరసగా కుంకుమ బొట్లు. పొద్దున అక్క తలంటు పోసుకుని ఇంటి గడపలన్నిటికీ పసుపు పెడుతూ పెడుతూ, ఈ తలుపు కూడా తీసి ఆ చేత్తోనే దీనికీ పెట్టేసింది. 

ఆయన చెక్క మీద చెయ్యి వేశాడు. అది తెరుచుకుంది. అవతల గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని ఆమె కూర్చుని ఉంది. ఒళ్ళో నా కొడుకు పాలు తాగుతున్నాడు. ఆమె భుజం మీద నా నీలం చీర ముక్క ఉంది. వాడి ముఖం సగం అందులో దూరి ఉంది.

ఆమె ఉలిక్కిపడలేదు. కొంగు సర్దుకుని, "మరిదీ, తలుపెయ్యి. గాలొస్తాంది, పిల్లోడు జడుసుకుంటాడు" అంది.

ఆయన తలుపు వేశాడు. వేసి, అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. మర్నాడు పనికి పోతూ గుమ్మంలో ఆగి, నా వైపు చూడకుండా, "ఆ కీలుకు కాస్త ఆముదం పొయ్యి. కిర్రుమంటాంది. అన్న వింటాడు" అన్నాడు.

నాకు ప్రాణం కుదుటపడాలి. పడింది కూడా. కాని ఆ పెద్ద తప్పు నేను చేసి ఉంటే ఇంత సులువుగా సరిపోయేదా అనిపించింది. ఆమె చేసింది కాబట్టి ఆముదంతో సరిపోయింది.

"గడప లేదంటివి, పసుపెందుకు పెట్టినావక్కా?" అని అడిగాను.

"ఇంట్లో అన్ని వాకిళ్ళకూ పెట్టి దాన్నొక్కదాన్నే ఇడిసిపెడితే అది ఏడవదా?"

"నా చీర ముక్క?"

"తల్లి చచ్చిన గొర్రెపిల్లను ఇంకోదాని కాడికి ఇడుస్తే, వాసనంతా మారిపోతాది మే. వాని తల్లివి నువ్వు బతికే ఉండావు గదా. రేపు వాడు నిన్ను చూసి ఎవురో అనుకోకుండా, నీ వాసన వాని ముక్కుకాడ పెట్టినా."

చేతులెత్తి మొక్కాలనిపించింది. దాని వెనకే మంట లేచింది. నా వాసనను నా కొడుక్కి ఇంకొకరు అందించాల్సి వచ్చింది.

ఆ చీర ముక్క కూడా సాయపడలేదు. వాడు మాటలు నేర్చింది ఆమె పిల్లల మధ్య. నడక వచ్చాక తలుపు తోసుకుని తనే ఇటు వచ్చేవాడు. అలా వచ్చి ఒకరోజు నా చీర పట్టుకుని నాతో మొదటి మాట అన్నాడు. "చిన్నమ్మా!"

ఆమె పిల్లలు నన్ను పిలిచే పిలుపు అది. వాడికి తెలిసిన నా పేరు అదే. తలుపు అవతల ఆమె విరగబడి నవ్వింది. ఈసారి శబ్దంతో.

"మందలో పెరిగిన పిల్ల మంద అరుపే గదా అరిసేది! రేయ్, అమ్మ అనురా. ఆయమ్మే నీ అమ్మ. అమ్మ ఏదీ?"

వాడు వెనక్కి తిరిగి ఆమె వైపు వేలు చూపించాడు. ఆమె నవ్వుతూనే ఉంది. అందులో సంతోషం ఉంది. ఆమె దాన్ని దాచలేదు. నేనైతే దాచేదాన్ని.

"నీకు నలుగురుండారు గదక్కా" అన్నాను. "ఈ ఒక్కడన్నా నాకుండనీ."

నవ్వు ఆగింది. "నీవాడే లెమ్మే. నా పేరు మీద రాసిచ్చినారా ఏంది?" అంది.

మర్నాడు వేపాకు నూరి రొమ్ములకు పూసుకుంది. ఎలాగూ మాన్పించే ఈడు వచ్చింది, తన కూతురికి ఎప్పుడో మాన్పించింది. వాడు నోరు పెట్టి, చేదుకు ముఖం ముడుచుకుని ఏడుస్తూ నా దగ్గరకు వచ్చాడు. ఎత్తుకున్నాను. ఇక వస్తాడు, అనుకున్నాను. సాయంత్రానికి చాట పక్కకు తోసుకుని అటు పోయాడు. వెనకే తొంగి చూశాను. ఆమె ఒళ్ళో ఊరికే కూర్చుని ఉన్నాడు. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. వాడు రాళ్ళు ఏరి ఇస్తున్నాడు, సగం బియ్యమే. ఆమె వాటిని తీసుకుని "ఓహో, ఇంత పెద్ద రాయే" అంటోంది. ఇన్నాళ్ళూ పాల కోసం పోతున్నాడని మనసుకు సర్దిచెప్పుకున్నాను. పాలు మానాక కూడా పోయాడు.

ఆమె పోయిన రోజు మా ఆయన వీధి వాకిట్లోంచి, అన్న గడప తొక్కి లోపలికి పోయాడు. ఎవరూ ఒట్టు గుర్తు చేయలేదు. అన్నదమ్ములు మాత్రం మాట్లాడుకోలేదు. మట్టి చేసిన మూడో రోజు సమాధి మీద పాలు పోయడానికి అందరం చేలోకి పోయాం. నేను పిల్లవాణ్ణి చంకలో వేసుకుని ఆడవాళ్ళ వెనక నిలబడ్డాను.

పాల చెంబు పట్టుకుని కులపెద్ద పిలిచాడు. "ఆయమ్మ పాలు తాగిన బిడ్డలు ఒక్కొక్కరే రాండి."

పెద్దపిల్ల పోసింది. తర్వాత ఇద్దరు మగపిల్లలు. చిన్నదాని చెయ్యి పట్టుకుని బావగారే పోయించాడు.

"అయిపోయినారా?" అన్నాడు పెద్దాయన.

"అయిపోయినారు" అన్నాడు బావగారు.

నేను ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. నాకు పాలు పడలేదన్న సంగతి నాకూ మా ఆయనకూ తప్ప పెద్దవాళ్ళలో ఇంకెవరికీ తెలియదు. తెలిసిన ఆమె మట్టి కింద ఉంది. వాడికి గుర్తుండదు. ఇంకొన్నాళ్ళకు ఆమె ముఖం కూడా మరిచిపోతాడు. నేను రెండేళ్ళుగా దేనికోసం కుళ్ళిపోయానో అది నోరు తెరవకుండా నా ఒళ్ళోకి వచ్చి పడేది. పెద్దాయన చెంబు వంచి మిగిలిన పాలు తానే పోయబోయాడు.

"ఇంకొకడుండాడు మామా" అన్నాను.

అందరూ తిరిగారు. నేను ముందుకు పోయి పిల్లవాణ్ణి దింపాను. "వీడు కూడా ఆమె పాలే తాగినాడు. నాకు పాలు పడలేదు. ఆమె పాలతోనే బతికినాడు."

ఆడవాళ్ళలో గుసగుసలు లేచాయి. బావగారు నా వైపు చూడలేదు. పిల్లవాడి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తమ్ముణ్ణి అడిగాడు.

"ఎప్పట్నించి?"

"పుట్టిన నెల నుంచి, అన్నా."

"నాతో ఒక్కమాటన్నా అనకపాయెనే" అన్నాడు. ఆ గొంతు నాకు బాగా తెలిసిన గొంతు. నాకు లేనిది ఇంకెవరికో ఉందని తెలిసినప్పుడు లోపల నాకు వినపడేది అదే గొంతు.

బావగారే చెంబు తీసి వాడి చేతికి ఇచ్చాడు. ఒక చుక్క పొయ్యమంటే వాడు చెంబు మొత్తం వంచేశాడు.

ఆ మాట ఊరంతా పాకింది. ఇప్పుడు వాణ్ణి ఎత్తుకుని బజారుకు పోతే ఆడవాళ్ళు ఆపుతారు. వాడి జబ్బలు నొక్కి చూస్తారు. "ఆయమ్మ పాలా! అందుకే గదా ఇంత గట్టిగుండాడు" అంటారు. వాడికి వండి పెట్టేది నేను. దగ్గు వస్తే కూర్చుని తెల్లవార్చేది నేను. ఒళ్ళు మండిపోతుంది. అవునంటాను.

మొన్న బేస్తవారిపేట నుంచి వచ్చిన దూరపు చుట్టం ఒకామె వాడి బుగ్గ గిల్లి, "మంచి బలంగా ఉండాడమ్మా నీ కొడుకు. బాగా సాకినావు" అని మెచ్చుకుని ముందుకు నడిచింది. ఎన్నాళ్ళుగానో ఆ ఒక్క మాట కోసం ఎదురుచూశాను. నాలుగడుగులు పోయాక వెనక్కి తిరిగాను. ఆమెను పిలిచి ఆపి, ఎవరి పాలో చెప్పాను.